రెండో ముక్కు

పర్లాకిమిడిలో నా షెడ్డు నుంచి
పాతపట్నం సరిహద్దు మూడు బీడీల దూరం.
వాన వెలిశాక సబితా గొమాంగో కారు తెచ్చి
"లైటు మళ్లీ వెలిగింది మిస్త్రీ" అంది.

స్కానరు తగిలిస్తే అదే నెంబరు:
పి సున్నా నాలుగు రెండు సున్నా.
బరంపురంలో రెండుసార్లు చెరిపేశారట,
మూడోసారి ముప్పై ఎనిమిది వేలన్నారట.
ఆమె జీతం నాకు తెలుసు. మాటాడలేదు.

నెంబరు రోగం పేరు కాదు,
ఇక్కడెక్కడో నొప్పని చూపించే వేలు.

ఇంజను చల్లారాక మళ్లీ స్టార్టు చేసి
టుకునా చేత తోకగొట్టానికి తడిగుడ్డ అడ్డం పెట్టించి
కింద పడుకుని చెవి ఒగ్గాను.
చీలిక ఉంటే బుస కొడుతుంది.
లేదు. సబ్బునీళ్లకీ బుడగ లేవలేదు.

ఈ బండికి రెండు ముక్కులు.
మొదటిది డబ్బాకి ముందు, మంటకి దగ్గర.
దాని గీత చంటిపిల్ల డొక్కలా
పైకీ కిందికీ ఆడుతుంటుంది.
రెండోది డబ్బా దాటాక.
డబ్బా పని చేస్తే దాని గీత
గంజి మీద కట్టిన తెట్టులా కదలకూడదు.
కదిలింది.
ముందు గీత ఎగిరితే వెనకదీ ఎగిరింది,
నేర్పించి తెచ్చిన ఇద్దరు సాక్షుల్లా
ఒక్క మాట తేడా లేకుండా.

సబితా వంగి చూసింది.
కొండ మీది ఊళ్ల నుంచి
కఫం సీసాలు ఐసుపెట్టెలో మోసుకొచ్చే ఉద్యోగం ఆమెది.
"పోయిందే బయటికొస్తోంది,
మధ్యలో ఏటీ జరగట్లేదు, అంతేనా?"
అంతే అన్నాను.

రబ్బరు సుత్తితో డబ్బాని తట్టాను.
లోపల తేనెపట్టు నిండుగా ఉంటే మొద్దుగా పలుకుతుంది,
విరిగితే గలగలమంటుంది.
ఇది టంగుమంది.
ఖాళీ బిందె.

లైటు దగ్గరికి లాక్కున్నాను.
డబ్బా పొట్ట కింద, ఎవరూ చూడని చోట,
వెల్డింగు కుట్టు.
చేపపొలుసులు పేర్చినట్టు,
చివర ఎడమకి తిరిగిన చిన్న తోక.

ఆ తోక నాకు తెలుసు.
గవరయ్య మేస్త్రిది ఎడమచేతివాటం.
పాతపట్నంలో ఆయన దగ్గరే తొమ్మిదేళ్లు
నట్టు తిప్పడమూ, నలుగురిలో కూచుని తినడమూ నేర్చుకున్నాను.
"పికప్ పెరుగుద్ది బాబూ" అని
కోసి, గుల్ల చేసి, మళ్లీ కుట్టేసేవాడు.
లోపలి బూడిదరంగు ముక్కల్ని
పాతఇనుము వాడు ఇనుము ధరకి కొనేవాడు కాదు.
గోనె మూతి పట్టుకున్నది నేనే.
ఆ డబ్బుతో ఒకసారి నాకు చెప్పులు కొన్నాడు.

దీనికో చిట్కా ఉంది.
రెండో ముక్కుని అంగుళం ఎత్తి కూచోబెట్టే ఇత్తడి గొట్టం,
లేతు మీద పావుగంట పని, నూటయాభై రూపాయలు.
వాసన సరిగా తగలదు, గీత పడుకుంటుంది,
లైటు ఆరుతుంది.
పొగ మాత్రం వెనకొచ్చే సైకిలువాడి మొహానికే.
అదీ మేస్త్రి నేర్పిందే.
ఒకటి చేసి జేబులో వేసుకున్నాను కూడా.

సబితా బెంచీ మీద
ఐసుపెట్టె మూత బిగిస్తోంది.
"కొందరు కఫానికి బదులు ఉమ్మి ఇచ్చేస్తారు, భయం.
సీసా నిండుతుంది. రిపోర్టూ బాగానే వస్తుంది"
అంది, ఎందుకో.

చెప్పాను.
డబ్బా గుల్లని, ఎవరో కావాలనే చేశారని.
ఎవరో, అన్నాను.

నాలుగు రోజులకి విశాఖ నుంచి
బస్సు టాపు మీద కొత్త డబ్బా వచ్చింది.
పదకొండు వేలు, ఐదు వాయిదాలు,
కూలి చీటీ మీద రాయలేదు.
మహేంద్రగిరి వైపు గంటసేపు తోలి తెచ్చి
స్కానరు పెడితే
వెనక గీత తెట్టు కట్టింది.

ఆమె వెళ్లాక
టుకునా పాత డబ్బాని ఒళ్లో పెట్టుకుని
కుట్టు వెంబడి బొటనవేలు నడిపిస్తున్నాడు,
తోక దాకా.
"ఎంత బాగా కుట్టాడు మిస్త్రీ,
నాకిలాగ నేర్పవా?"